మనసుపెట్టెకు తెలియని గుంట

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. గుమ్మం దగ్గర కూర్చుంటే వీధిలో మాటలూ నా మాటలూ కలిసిపోతాయి. ఈ కథలో ఒక మాట ఉంది, రెండే రెండు అక్షరాలది. దాన్ని సరిగ్గా వినకపోవడం వల్లే ఇదంతా జరిగింది. అందుకని చెవులు నాకివ్వండి, కాసేపు.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపున్న ఒక ఊళ్లో దాలమ్మ అని ఒకామె జీడిపిక్కలు కొట్టేది. పాతికేళ్లుగా అదే పని. జీడి సొన తాగీ తాగీ ఆమె వేళ్లు పెనం అడుగులా నల్లబడిపోయాయి, బొటనవేలి గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఆమె మొగుడు బైరాగి అదే ఫ్యాక్టరీలో పిక్కలు ఉడకబెట్టే పెద్ద డ్రమ్ము దగ్గర పనివాడు. తమ్ముడు ముఖలింగం బస్తాలు మోసేవాడు. ముఖలింగం పెళ్లాం పురిట్లోనే పోయింది. మిగిలిన ఆడపిల్ల నూకాలును దాలమ్మే తన ఒళ్లో పెంచింది. దాలమ్మకు పిల్లల్లేరు. ఆ పిల్ల చేతికి ఆకుపచ్చ గాజులు, నోటి నిండా నవ్వు. నాలుగున్నరేళ్లకు జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయింది.

అప్పటి నుంచి ముఖలింగం మనిషి మారిపోయాడు. అన్నం కలుపుకుని తినడం మరిచిపోయేవాడు. పిక్కల డ్రమ్ములో ఆవిరి కూత పెట్టగానే బస్తా కింద పడేసి అటు చూసేవాడు. ఎవరో పిలుస్తున్నారేమో అన్నట్టు. అందరూ దుఃఖం అనుకున్నారు. ఎన్నాళ్లు ఉంటుందిలే, తగ్గిపోతుంది అనుకున్నారు.

ఒక రోజు పొద్దున పదిగంటలకు, డ్రమ్ము మూత బిగిస్తున్న బైరాగిని ముఖలింగం ఇనప ఊచతో కొట్టాడు. ఆటోలో ఆసుపత్రికి వెళ్లేలోగా బైరాగి ప్రాణం పోయింది. ముఖలింగం రెండు చేతులూ మణికట్ల దాకా కాలిపోయి ఉన్నాయి. పెనుగులాటలో ఆవిరి తగిలిందన్నారు పోలీసులు. ఆ రోజు నుంచి అతను నోరు విప్పలేదు. ఒక్క ముక్క కూడా.

సొంత బావను చంపాడు. చంపినవాడు తమ్ముడు, పోయినవాడు మొగుడు. దాలమ్మ ఎవరి కోసం ఏడవాలి?

కోర్టులో ముఖలింగం తరఫున వాదించినవారు మతి తప్పిన మాట ఎత్తారు. తాను చేస్తున్నదేమిటో, అది తప్పో ఒప్పో తెలియనివాడికి శిక్ష వేయకూడదు, వైద్యం చేయించాలి అని చట్టంలో ఉందట. అయితే అతనికి తెలుసో తెలియదో ఎవరు చెప్పాలి? మనిషి మూగగా కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే విశాఖపట్నంలో కొండవాలు మీద ఒక పరిశోధనశాలలో చిత్తలేఖిని అనే యంత్రం తయారైంది. మా వాడలో దాన్ని మనసుపెట్టె అన్నారు. వానలో నెత్తిన పెట్టుకునే తాటాకు గిడుగు లాంటి టోపీ ఒకటి తలకు పెడతారు. నేరం జరిగిన వేళ మనసులో మనిషి ఏమనుకున్నాడో ఆ మాటలు కాగితం మీద అచ్చవుతాయి. మాట తోకలు దానికి అందవు, మొదళ్లే పట్టుకుంటుంది; తీశాను అనుకున్నా, తీయాలి అనుకున్నా ఉత్త తీయు అనే పడుతుంది. తెలియని మాట వస్తే అక్కడ చుక్కలు పెట్టి ఊరుకుంటుంది.

ముఖలింగానికి టోపీ పెట్టారు. అచ్చయిన మాటలు చూసి జడ్జిగారు అన్నారట, గొయ్యి తవ్వాలి, పైన మూయాలి అని ఆలోచించినవాడికి తాను చేసింది తప్పని తెలుసు, దాచాలనుకున్నవాడు పిచ్చివాడెలా అవుతాడు అని. ఫ్యాక్టరీ వెనక అప్పుడే తవ్విన గొయ్యి ఒకటి కనబడింది కూడా. యావజ్జీవం వేశారు.

పై కోర్టుకు వెళ్లింది దాలమ్మే. ఊరంతా ముక్కున వేలేసుకుంది. మొగుణ్ణి చంపినవాడి కోసం పెళ్లాం కోర్టు మెట్లెక్కడం ఏమిటన్నారు. అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసే చేశారేమో అని పిక్కలు కొట్టే బల్లల దగ్గర గుసగుసలాడారు. ఆమె వెళ్లి కూర్చోగానే పక్కవాళ్లు కాస్త జరిగేవారు. అత్త జోగమ్మ ఇంట్లోనే పొయ్యి వేరు పెట్టుకుంది. ఒక్కసారి మాత్రం మాట్లాడింది, "నా కొడుకుని సంపినోడికి నెయ్యిబువ్వ ఒట్టుకెల్లు, పో" అని.

వాళ్లందరి అనుమానం ఒక ఎత్తు, దాలమ్మ అనుమానం ఒక ఎత్తు. ఆమె తమ్ముణ్ణి నమ్మి పై కోర్టుకు వెళ్లలేదు. వాడు తెలిసి కొట్టాడా, తెలియక కొట్టాడా? అది తేలాలి. తెలియక కొట్టి ఉంటే జైల్లో కుళ్లనివ్వకూడదు. తెలిసే కొట్టి ఉంటే ఆ అప్పీలు కాగితాలు తన నల్ల చేతులతో తానే చింపి, మొగుడి కోసం అప్పుడు ఏడుస్తుంది. ఏదో ఒకటి తేలేదాకా ఏడుపు కూడా రాదని ఆమెకు అర్థమైపోయింది.

పై కోర్టు వకీలు జగన్నాథ పట్నాయక్ గారు. మంచివాడే, కానీ ఎప్పుడూ తొందర. ఒక రోజు ఆయన వరండాలో కూర్చుని దాలమ్మకు పాత తీర్పు అంతా మళ్లీ చెబుతున్నారు. తీర్పేమో ఇంగ్లీషులో, ఆయన చెప్పేదేమో అర్థం. వినీ వినీ దాలమ్మకు ఒక సంగతి తట్టింది. తమ్ముడి మనసులో మాటలు ఇన్నాళ్లూ ఎవరెవరి నోటి గుండానో వస్తున్నాయి. అసలు మాటలు ఆమె ఎన్నడూ వినలేదు.

"ఆ మనసుపెట్టి ఏటి రాసినాదో అదే సదవండి బాబూ" అంది.

"చెప్పాను కదమ్మా. గొయ్యి తవ్వాలి, మూయాలి అని."

"అర్తం వొద్దు. అచ్చరం ఎలాగుంటే అలాగ."

పట్నాయక్ గారు విసుక్కుంటూనే కాగితం తీశారు. "గుంట. తర్వాత చుక్కలు. తీయు. మూత. బావ. అంతే."

"గుంటా?"

"గుంటే. అంటే గొయ్యి."

దాలమ్మ ముందుకు జరిగి కాగితం మీద నల్ల వేలు ఆనించింది. తర్వాత నెమ్మదిగా అంది, "గొయ్యిని గొయ్యే అంటాం బాబూ మేం. గుంటంటే ఆడపిల్ల. మా ఇంట్లో గుంటంటే నూకాలు. ఆ సుక్కల కాడ బేగి అనుంటాడు. బేగి అనకుండా ఆడు ఏ పనీ సెయ్యడు."

పట్నాయక్ గారి కళ్లజోడు ముక్కు మీదికి జారింది. ఆయనదీ ఆ జిల్లాయే. చిన్నప్పుడు ఆయన్ని కూడా ఎవరో ఒకరు గుంటడా, అంటే పిల్లాడా, అని పిలిచే ఉంటారు. చదువుకున్నాక ఆ మాట మరిచిపోయారు. గుంట, బేగి, తీయు, మూత, బావ. పిల్లను తొందరగా తీయాలి, మూత తీయి బావా. గొయ్యి లేదు, పూడ్చడం లేదు. ఆయన లేచి వరండాలో రెండుసార్లు తిరిగారు. కేసు గెలిచినట్టే అన్నారు.

దాలమ్మకు మాత్రం గెలిచినట్టు లేదు. ఆమె కొంగున ఇంకొక మూట ఉంది, అప్పటిదాకా ఎవరికీ విప్పనిది. ముఖలింగం పెళ్లికి ముందు మూడేళ్లు రాజమండ్రి అవతల ఇటుకల బట్టీల్లో మట్టి తవ్వాడు. అక్కడివాళ్లు మట్టి గోతుల్ని గుంటలంటారట. తిరిగొచ్చాక ఇంట్లో కూడా గుంట తవ్వొచ్చాను అనేవాడు. దాలమ్మా బైరాగీ పడీపడీ నవ్వేవారు, పిల్లని తవ్వొచ్చావేట్రా అని. అదీగాక ఫ్యాక్టరీ వెనక గొయ్యి తవ్వింది ముఖలింగమే, ముందు రోజు మధ్యాహ్నం, పిక్క తొక్కల బూడిద పోయడానికని మేనేజరు చెబితే. అక్కడికి గంజి పట్టుకెళ్లింది దాలమ్మే. అయితే తమ్ముడి మనసులో ఉన్నది ఏ గుంట? రెండూ వాడివే.

ఇటుకల బట్టీల సంగతి ఆమె చెప్పగానే పట్నాయక్ గారి ముఖం ముడుచుకుంది. ఆ మాట మీ వీధి దాటకూడదన్నారు.

పెట్టె మాట తప్పు చదివిందని రాయించుకోవడానికి ఇద్దరూ విశాఖ వెళ్లారు. పరిశోధనశాల గేటు దగ్గర వేలిముద్ర యంత్రం ఉంది. దాలమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. చీరకు తుడిచి మళ్లీ పెట్టింది. ఎర్ర దీపం. పది వేళ్లూ పెట్టించాక వాచ్‌మన్ అన్నాడట, నువ్వు మనిషివని ఇది ఒప్పుకోవట్లేదమ్మా అని. దాలమ్మ మనసులో అనుకుంది, నా వేలిని ఒప్పుకోని యంత్రం నా తమ్ముడి మనసును ఎలా ఒప్పుకుందో.

లోపల డాక్టర్ ఇందుమతి గారు. గుంటూరు వైపు మనిషి. పెట్టెకు మాటలు నేర్పింది ఆవిడే, వార్తాపత్రికలూ పుస్తకాలూ పోసి. దాలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, మీ వైపు మాటలు నేను వేయలేదమ్మా, తప్పు నాదే అయ్యుండొచ్చు అంది. దాలమ్మకు ఒళ్లంతా అనుమానం పాకింది. ఇంత చదివినామె ఇంత సులువుగా తప్పు ఒప్పుకుంటుందంటే వెనక ఏదో ఉండాలి. టీ అలాగే చల్లారబెట్టింది.

డాక్టరమ్మ కాగితం మీద కలం పెట్టి ఒక్క ప్రశ్న అడిగింది, ముఖలింగం ఎప్పుడైనా వేరే ప్రాంతంలో ఉన్నాడా అని. ఉండలేదంటే మాట తప్పు చదివామని రాసి సంతకం పెట్టేస్తుంది, దాంతో పై కోర్టులో సగం పని అయిపోతుంది. పట్నాయక్ గారు గట్టిగా దగ్గారు.

దాలమ్మ చల్లారిన టీ వైపు చూసింది. ఇప్పుడు అబద్ధమాడితే తమ్ముడు బయటపడతాడు. తాను మాత్రం చచ్చేదాకా వాడి చేతుల వైపు చూస్తూ, తెలిసి చేశాడా తెలియక చేశాడా అనుకుంటూనే ఉంటుంది. బైరాగి ఫొటోకు దండ వేసేటప్పుడు కూడా.

"ఉన్నాడమ్మా" అంది. "మూడేల్లు. రాజమండ్రి అవతల. అక్కడ గోతిని గుంట అనీవోరట. ఈడూ అనీవోడు. ఆ గొయ్యి తవ్వింది కూడా ఈడే."

బయటికొచ్చాక పట్నాయక్ గారు ఆగి అడిగారు, "అమ్మా, అసలు నువ్వు ఎవరి వైపు?"

"ఎవులి వైపుండాలో తెలుసుకుందారనే వొచ్చినాను బాబూ."

మాటలతో తేలదని డాక్టరమ్మ చెప్పింది. మాట వెనక ఉన్న బొమ్మ చూడాలి. పెట్టెకు ఆ బలం ఉంది, కానీ దానికి ఒక ఖరీదుంది. మాటలు జ్ఞాపకం పైపైన ఉంటాయి, వాటిని తీసినా లోపలిది అలాగే ఉంటుంది. బొమ్మ తీస్తే మాత్రం ఆ జ్ఞాపకం ఉండదు. దానికి అంటుకున్నవన్నీ కూడా ఊడి వచ్చేస్తాయి. ఆవిడ ఇంకా చెప్పబోతుంటే దాలమ్మ అందుకుంది, "పిక్క కొట్టి పప్పు తీసినాక మల్లీ పిక్కలో ఎట్టనేం. అదేనా?"

"అదే."

"అయితే బొమ్మలో నూకాలుంటే?"

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆ పాప ఉంటే, పాపకు సంబంధించినవన్నీ పోవచ్చు. పుట్టడం, పేరు, ముఖం, అన్నీ. కోర్టు అనుమతి ఇచ్చినా రక్తసంబంధీకురాలి సమ్మతి కావాలి, అతను తనకోసం తాను చెప్పుకోలేడు కాబట్టి.

దాలమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. తమ్ముడికి పెళ్లాం లేదు, ఇల్లు లేదు, మాట లేదు. ఉన్నదల్లా ఆ పిల్ల. అది తీసేసి వాణ్ణి విడిపించాలి. లేకపోతే ఆ పిల్లను వాడికి ఉంచేసి జైల్లో వదిలేయాలి. మూడో రోజున విశాఖ బస్సెక్కింది. సమ్మతి కాగితం మీద బొటనవేలు అద్దితే నల్లటి చుక్క తప్ప ఒక్క గీత పడలేదు. చివరికి డాక్టరమ్మ కలం చేతికిచ్చి ఒక సున్నా చుట్టించింది.

జ్ఞాపకం కదలాలంటే ఆ వేళ వాసనా చప్పుడూ కావాలట. దాలమ్మ ఊరి నుంచి ఒక సంచీ పచ్చి పిక్కలు తెచ్చింది. పరిశోధనశాలలో, తెల్ల గోడల మధ్య, ప్రెషర్ కుక్కర్లో పోసి స్టవ్వు మీద పెట్టింది. ముఖలింగాన్ని కుర్చీలో కూర్చోబెట్టి టోపీ పెట్టారు. పక్కన ఇద్దరు పోలీసులు, సర్కారు తరఫు వకీలు. ఆయనకు అందరి మీదా అనుమానమే, కుక్కరు మూత తీయించి లోపల పిక్కలు తప్ప ఇంకేమీ లేవని చూసుకున్నాడు. కాసేపటికి గదిలోకి జీడి సొన ఘాటు పాకింది. కుక్కరు కూత వేసింది.

ఏడాదిన్నరగా తల వంచుకుని ఉన్న ముఖలింగం తల ఎత్తాడు.

తెర మీద బొమ్మ తడి అద్దంలోంచి చూసినట్టు మసకగా వచ్చింది. డ్రమ్ము. ఆవిరి. బైరాగి వీపు, భుజం మీద ఎర్ర తువాలు. ఆ తువాలు దాలమ్మే కొంది. కింద అక్షరాలు పడుతున్నాయి, అతను విన్న మాటలు నీలంగా, అనుకున్నవి తెల్లగా. ఈసారి తెలియని మాటకు చుక్కలు లేవు, వినిపించింది వినిపించినట్టే తోకలతో సహా పడుతోంది. దాలమ్మకు చదువు రాదు కాబట్టి డాక్టరమ్మ పైకి చదువుతోంది. ఆ వైపు మాట ఆవిడ నోటికి తిరగక, బళ్లో పిల్లలు పాఠం చదివినట్టు కూడబలుక్కుంటూ.

"నీలం. బావ మాట. ‘ఒరే లింగా, ఏడవకురా. నీ గుంట దీన్లోనే ఉన్నాది. ఉడికినాక తీసి ఇచ్చీత్తాను.’ తర్వాత నవ్వు అని పడింది."

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. దాలమ్మకు అంతా అర్థమైంది.

బైరాగి పరాచికాల మనిషి. బావమరిదిని ఆట పట్టించకపోతే అది బావతనమే కాదనేవాడు. నూకాలు అల్లరి చేస్తే ఎత్తుకుని, పిక్కల డ్రమ్ములో వేసి ఉడకబెట్టీగల్ను అనేవాడు. పిల్ల కిలకిల నవ్వేది. దాలమ్మా నవ్వేది, ముఖలింగమూ నవ్వేవాడు. ఆ రోజు కూడా, ఏడుస్తున్న బావమరిదిని నవ్విద్దామనే అన్నాడు. ఇంకో రకంగా ఓదార్చడం అతనికి రాదు.

"తెలుపు" అని చదివింది డాక్టరమ్మ, గొంతు తగ్గించి. "గుంట ఏడుత్తంది. బేగి తియ్యాల. బావా మూత తియ్యి. బావా మూత తియ్యి. బావా."

తెర మీద మూత కింది నుంచి ఒక చిన్న మణికట్టు. దానికి ఆకుపచ్చ గాజులు. మూత బిగుసుకుంటోంది. బైరాగి లేడిక, తువాలు లేదు, ఫ్యాక్టరీ లేదు. తెరంతా ఆ మూతే. పక్కన ఊచ. తర్వాత మూత మీద రెండు చేతులు, కాలుతూ, లాగుతూ.

డాక్టరమ్మ తెర ఆపబోయింది. దాలమ్మ వద్దంది, చివరిదాకా చూసింది. డ్రమ్ములో పిక్కలు తప్ప ఏమీ కనబడని చోట బొమ్మ తెల్లబడిపోయింది. కుర్చీలో ముఖలింగం నిద్రపోయాడు. అప్పుడు దాలమ్మ ఏడ్చింది. మొగుడి కోసమా, తమ్ముడి కోసమా, పిల్ల కోసమా అని ఎవరూ అడగలేదు. అన్నీ ఒకేసారి వచ్చాయి.

పై కోర్టులో సర్కారు వకీలు ఒక పూటంతా వాదించాడు. యంత్రం ఒకసారి తప్పు చదివినప్పుడు రెండోసారి ఒప్పు చదివిందని నమ్మడమెలా అన్నాడు. చేతులు కాలిన తీరు చూశారు, మూత మీద వేళ్ల గుర్తులు చూశారు, బొమ్మతో సరిపోయాయి. పాత శిక్ష కొట్టేసి, నయమయ్యేదాకా మానసిక వైద్యశాలలో ఉంచమన్నారు. డాక్టర్ ఇందుమతి గారు ఆ పెట్టెకు తాళం వేయించారు. అది చదివిన పాత కేసులన్నీ బయటికి తీయించి, తాను ఒక నోటుబుక్కు పట్టుకుని మా వైపు ఊళ్లన్నీ తిరిగారు, గుంటంటే ఏమిటి, బేగంటే ఏమిటి అని ముసలాళ్లను అడుగుతూ. ఇంకెంతమంది మనసులో మాట అలా తారుమారైందో, ఆవిడకు నిద్ర పట్టేది కాదట.

తీర్పు ఈసారీ ఇంగ్లీషులోనే వచ్చింది. ఆ సాయంత్రం జోగమ్మ తన పొయ్యి దగ్గర నుంచే అడిగింది, "నా కొడుకు ఆకర్ని ఏటన్నాడే?"

దాలమ్మ తన పొయ్యిలో కర్ర వెనక్కి లాగింది.

"నవ్వినాడత్తా" అంది.

జోగమ్మ కళ్లు తుడుచుకుంది. మర్నాటి నుంచి పొయ్యి ఒక్కటే.

ఆరు నెలల తర్వాత ముఖలింగానికి మాట వచ్చిందని కబురొస్తే దాలమ్మ వైద్యశాలకు వెళ్లింది. ఒళ్లు చేశాడు, ముఖంలో కళ వచ్చింది. అప్పా అని పిలిచాడు, చిన్నప్పటి నుంచీ అక్కను అలాగే పిలిచేవాడు. చెట్ల కింద నడుస్తూ తన చేతుల మీది మచ్చలు చూపించి, ఇవి ఎలా అయ్యాయని అడిగాడు. వేడి దాంట్లోంచి ఏదో తీయబోయావని చెప్పింది. ఏం తీయబోయానన్నాడు. పిక్కలంది. అంతటితో ఊరుకున్నాడు.

దాలమ్మకు మళ్లీ అనుమానం. ఇంతగా ఎలా మరిచిపోతాడు? నటిస్తున్నాడేమో. ఆమె మనసు అలా తయారైపోయింది మరి, ఎవరినీ ఊరికే నమ్మలేదు. కొంగున ముడేసుకుని తెచ్చిన ఆకుపచ్చ గాజుల్ని చేత్తో తడుముకుంటూ, తమ్ముడి ముఖంలోకి సూటిగా చూసి, ఒక్కసారిగా అంది,

"ఒరే, గుంటరా."

ముఖలింగం ఉలిక్కిపడి కిందికి చూశాడు. ఆమె కాళ్ల ముందు నేలంతా వెతికి, కాలిన చేత్తో ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఏదప్పా? సూసి అడుగెయ్యి, పడిపోగలవు."

ఆమె ముడి విప్పలేదు. జాగ్రత్తగా అడుగేస్తూ, తమ్ముడి చెయ్యి పట్టుకునే గేటు దాకా నడిచింది.

ఇదే కథ. ఇప్పుడు దాలమ్మ లేదు, ఆ తమ్ముడూ లేడు. ఆ పిల్లను గుర్తుంచుకోవడానికి కన్నతండ్రి మనసులో కూడా చోటు లేకుండా పోయింది కాబట్టి, మీరు ఉంచుకోండి. పేరు నూకాలు. నాలుగున్నరేళ్లు. ఆకుపచ్చ గాజులు. రేపు మీ వాళ్లకు చెప్పేటప్పుడు పాప అనకండి, బాలిక అనకండి. గుంట అనండి. అర్థం కానివాళ్లు ఆగి అడుగుతారు. అడగనివ్వండి, అప్పుడు మొదటి నుంచి చెప్పండి.